పసుపునీళ్ళ టేపు

నాలుగో హుక్కు కుట్టి, దారాన్ని పంటితో తెంపి, మునిరత్నమ్మ తలెత్తి గోడ గడియారం చూసింది. పదిన్నర దాటింది. "నా మతి మండా!" అని తన్ను తానే తిట్టుకుని జాకెట్టు మడిచి పక్కన పెట్టింది. అంగడి కేశవమూర్తి ఇంటికి పదింటికల్లా వస్తానని నిన్ననే మాటిచ్చింది మరి.

చింతామణిలో సంతకు పోయే దారి పక్కన, ఒక పాత ఇంటి పంచలో ఆమె కుట్టుపని. ఆ పంచలో మిషను, కత్తిరింపుల బల్ల, మునిరత్నమ్మ పడితే ఇంక గాలికి కూడా చోటుండదు. యాభై రెండేళ్ళ మనిషి. బక్కపలచని ఒళ్ళు, వేళ్ళ కొసల నిండా సూది గుచ్చిన చుక్కలు, చెవి వెనక ఎప్పుడూ ఒక సుద్దముక్క. మిషను తొక్కి తొక్కి కుడి మోకాలు అరిగిపోయింది. కూర్చుంటే లేవనంటుంది, లేస్తే కూర్చోనంటుంది. ఆ వీధి ఆడవాళ్ళలో ఎవరు చిక్కారో, ఎవరు ఒళ్ళు చేశారో, ఎవరికి నెల తప్పిందో వాళ్ళ మొగుళ్ళకంటే ముందు ఆమెకు తెలుస్తుంది. టేపు చెప్తుంది.

మండికల్ నుంచి కాపురానికొచ్చిన ఆమెకు రెండు కడుపులూ నిలవలేదు. పెనిమిటి బయ్యప్ప కూడా ఎక్కువకాలం నిలవలేదు. ఆయన వదిలిపోయింది ఆ మిషనూ, గోడ మేకుకు తగిలించిన ముప్పై ఆరంగుళాల ఇనుప స్కేలూ. "టేపు మీద అనుమానమొస్తే స్కేలును అడుగు" అనేవాడు పని నేర్పే రోజుల్లో. ఇరవై ఏళ్ళలో ఆ అవసరం ఆమెకు పెద్దగా రాలేదు.

సంచిలో ఆమెకు టేపులు రెండు. తెల్లది ఊరందరికీ. రెండోది ఒక్క చైత్రకు. కొన్నప్పుడు అదీ తెల్లగానే ఉండేది, ఇప్పుడు పసుపు పట్టి మెత్తగా పీలికలా అయింది. దాని సంగతి చెప్పాలంటే ముందు చైత్ర సంగతి చెప్పాలి.

చైత్ర బాగేపల్లి పిల్ల. ఏడేళ్ళ కిందట కేశవమూర్తిని కట్టుకుని ఈ ఊరొచ్చినప్పుడు, ఆమె నెమలికంఠం రంగు పెండ్లి జాకెట్టు మునిరత్నమ్మే కుట్టింది. అప్పుడు ఛాతీ ముప్పై ఎనిమిది. తర్వాత ఏమైందో ఏమో, నెలసరి మూడు నెలలకొకసారి, నాలుగు నెలలకొకసారి. తిన్నా తినకపోయినా ఒళ్ళు మాత్రం పెరుగుతూ పోయింది. ముప్పై ఎనిమిది నలభై ఎనిమిదైంది. ఒళ్ళు తగ్గితే తప్ప పిల్లలు కష్టమన్నారు డాక్టర్లు. బరువు నూటపన్నెండు కిలోలకు చేరాక, పోయిన దసరా వెళ్ళగానే బెంగళూరు తీసుకుపోయి కడుపు చిన్నది చేసే ఆపరేషను చేయించారు. ఎనిమిది నెలల్లో ముప్పై కిలోలు దిగింది పిల్ల. మునిరత్నమ్మ నెలకొకసారి జాకెట్లు బిగించి బిగించి అలిసిపోయింది, ఆ అలసటలో సంతోషమే ఉంది.

కానీ నెత్తురు మాట వినలేదు. ఒకసారి మొదలైతే ఇరవై రోజులు. ఆగితే నెలన్నర దాకా జాడ ఉండదు. మళ్ళీ ఒకరోజు చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది. ఆ ఇంట్లో బయట చేరిన ఆడది వెనక వసారాలోనే ఉండాలి. చాప వేరు, తట్ట వేరు, లోటా వేరు. మూడు రోజులకని పెట్టుకున్న ఆచారం చైత్రకు నెలలో సగమైంది. పాపం, ఎండకూ వానకూ ఆ వసారాలోనే గడిపింది.

అత్త కౌసల్యమ్మను గయ్యాళి అనుకునేరు, కాదు. రెండు గంటలకొకసారి రాగి అంబలి గానీ పలచటి పప్పుకట్టు గానీ డాక్టరు చెప్పిన లెక్కన తానే కాచి, గడప దగ్గర పెట్టి, కోడలు తాగేదాకా నిలబడి చూసేది. ఆచారం మాత్రం వదల్లేదు. "దానిని కొలిచిన టేపుతో మా ఆడపిల్లలను కొలవద్దు రత్నా" అంది. అందుకే రెండో టేపు. కొలిచిన ప్రతిసారీ దాన్ని పసుపునీళ్ళలో తడిపి, పెరటి తీగ మీద ఆరేసి, ఆరాకే సంచిలో వేసుకోవాలి.

మునిరత్నమ్మ కుంటుకుంటూ పెరటి వైపు నుంచే వెళ్ళింది. చైత్ర చాప మీద గోడకానుకుని కూర్చుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"రా రత్నక్కా. నీ కోసమే చూస్తాండాను."

"యాలమ్మా, మొగం అట్ల వాడిపోయిండాది?"

"ఈ తడవ రెండు నెల్లు రానే లేదక్కా. ఇప్పుడు పద్నాలుగు దినాలాయ. నల్లగా, చుక్క చుక్కగా. ఆగేది లేదు, పోయేది లేదు."

"డాక్టరును అడిగితిరా?"

"ముందే చెప్పినారు గదా, ఏడాది దాకా హెచ్చుతగ్గు ఉంటాదని. మళ్ళా యాల అడిగేది?" పొత్తికడుపు కుడివైపు అరచేత్తో నొక్కుకుంది. "చాప మీద పండుకొని పండుకొని భుజం కూడా పట్టేసిండాది."

నెమలికంఠం జాకెట్టు ఒడిలో పెట్టుకుని ఉంది. శుక్రవారం వాళ్ళ పెండ్లిరోజు. ఆలోపల నెత్తురు ఆగి, తలకు పోసుకుని, లోపలికి వెళ్ళి, పెండ్లినాటి చీరే కట్టుకోవాలని ఆమె ఆశ. ఎప్పుడో నలభై ఎనిమిదికి వదులు చేసిన జాకెట్టు అది.

"బిగించక్కా. కానీ లోపల మడిచిన గుడ్డ కత్తిరించొద్దు. అట్లనే వదిలిపెట్టు."

"మళ్ళా లావవుతావా ఏమి?" అని నవ్వింది మునిరత్నమ్మ.

"లావు కాదు." చైత్ర తల దించుకుంది. "ఇంకో సంవత్సరం పోతే బిడ్డను కనచ్చన్నారు. అప్పుడు కావల్ల గదా."

మునిరత్నమ్మ పసుపు టేపు తీసి ఛాతీ చుట్టూ తిప్పింది. చైత్ర ఉలిక్కిపడింది.

"మెల్లగా అక్కా. నొస్తాది."

నలభై ఒకటి. పోయిన నెల నలభై. తగ్గుతూ తగ్గుతూ వచ్చిన పిల్లకు ముప్పై తొమ్మిదిన్నర ఉంటుందనుకుంది. నడుము కొలిస్తే ఒకటిన్నర తగ్గింది. మళ్ళీ ఛాతీ కొలిచింది. నలభై ఒకటే. ఇరవై ఏళ్ళ అనుభవం ఆమె చెవిలో ఒక మాట చెప్పింది.

అయినా నోరు కట్టేసుకుంది. కారణముంది. నాలుగేళ్ళ కిందట ఇలాగే కొలత పెరిగితే, ఆగలేక "అమ్మా, పిల్ల నీళ్ళోసుకొన్నట్లుండాది" అని కౌసల్యమ్మతో అనేసింది. కౌసల్యమ్మ ఆ పూటే వీధంతా మైసూరుపాకు పంచింది. నాలుగో రోజు చైత్ర బయట చేరింది. ఆర్నెల్లు మునిరత్నమ్మ ఆ వీధిలో తలెత్తుకు తిరగలేదు. చివరికి చైత్రే వచ్చి, "నువ్వేం చేస్తావక్కా, నీ మాట నిజం కావల్లని నేనూ అనుకొంటిని" అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఆమెకింకా గుర్తే.

ఇప్పుడేమో పిల్లకు నెత్తురు పోతూనే ఉంది. బయటున్నదానికి కడుపేమిటి? టేపు వంక చూసుకుంది. ఎన్నిసార్లు తడిపింది, ఎన్నిసార్లు ఎండలో ఆరేసింది! గుడ్డ టేపు, ముడుచుకుపోయి ఉంటుంది. ముడుచుకున్న టేపు ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. అదీ సంగతి అనుకుని ఊపిరి వదిలింది.

లోపలి గడప దగ్గర కౌసల్యమ్మ వచ్చి నిలబడింది, చేతిలో అంబలి లోటా.

"ఏమంటాది రత్నా కొలత? తగ్గిండాదా?"

అత్తాకోడళ్ళిద్దరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు.

"తగ్గిండాదమ్మా" అంది మునిరత్నమ్మ.

టేపును పసుపునీళ్ళలో ముంచి తీగ మీద వేసింది. ఆరేదాకా ఆగడానికి తీరిక లేదు, సాయంత్రం వచ్చి తీసుకుంటానని చెప్పి జాకెట్టుతో బయలుదేరింది. "పోయొస్తాను తల్లీ" అంటే చైత్ర తలూపింది. కళ్ళు మూసుకునే ఊపింది.

ఆ జాకెట్టును ముప్పై తొమ్మిదిన్నరకే బిగించింది. నలభై ఒకటి టేపు చెప్పిన మాట, ముప్పై తొమ్మిదిన్నర తన బుద్ధి చెప్పిన మాట. మడిచిన గుడ్డ మాత్రం కత్తిరించలేదు. రెండో వైపు కుట్టు సగంలో ఉండగా కాలు దానంతటదే ఆగిపోయింది. టేపు ముడుచుకుని ఉంటే నడుము కూడా ఎక్కువ చూపించాలి కదా! అదెందుకు తగ్గింది?

స్కేలు నెత్తిమీదే వేలాడుతోంది. టేపేమో ఆ ఇంటి తీగ మీద ఉంది. వెళ్ళి తేవచ్చు. లేవబోయింది, మోకాలు కలుక్కుమంది. సరేలే, ఎట్లాగూ సాయంత్రం పోతాను గదా, అత్తకు కాదు, పిల్ల చెవిలోనే మెల్లగా అడుగుతాను అనుకుని మళ్ళీ తొక్కసాగింది. నిజంగానే అయితే ఎంత బాగుండు! తొక్కుతూనే నవ్వుకుంది పిచ్చిది.

మూడున్నరకు కేశవమూర్తి అంగడిలో తూకాలు వేసే సీనప్ప పరిగెత్తుకుంటూ పంచ ముందుకొచ్చాడు.

"రత్నమ్మా, చైత్రమ్మ కండ్లు తిరిగి పడిపోయిందమ్మా. నర్సింగ్ హోంలో స్కాన్ చేసి చూసినారంట. కడుపుండిందంట. గర్భసంచిలో కాదంట, పక్క నాళంలో నిలిచి పగిలిందంట. కడుపంతా నెత్తురేనంట. బెంగళూరుకు తీసకపోతాండారు."

మునిరత్నమ్మ చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసుకుంది. మళ్ళీ పెట్టింది. దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క పేరూ నోటికి రాలేదు.

అయిదింటికి సీనప్ప మళ్ళీ వచ్చాడు. ఈసారి పరిగెత్తలేదు.

"దారిలో కైవారం దాటినాక బండి వాపసు తిప్పినారంటమ్మా" అన్నాడు.

కారు వచ్చేసరికి ఇంటి ముందు జనం చేరారు. పెద్దవాళ్ళు నలుగురు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు: బయట ఉండగా పోయిన మనిషి, ముందు వాకిలిగుండా తేకూడదు, పెరటి వైపు నుంచి వసారాకే చేర్చాలని. కేశవమూర్తి తన భార్య చెప్పులు చేతిలో పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఏదీ వినిపిస్తున్నట్టు లేదు ఆయనకు.

కౌసల్యమ్మ నట్టింట్లోంచి వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది.

"అది బయట లేదు!" అని అరిచింది. "ముట్టు కాదురా అది, కడుపు! నా బిడ్డ బయట లేనే లేదు. కడుపుతో ఉన్నదాన్ని పద్నాలుగు దినాలు చాప మీద పండబెట్టితిని గదరా నాయనా! లోపలికి తేండి. దేవుని గది ముందరికి తేండి దాన్ని."

ముందు వాకిలిగుండానే తెచ్చారు.

పెండ్లి చీర కట్టే పని మునిరత్నమ్మ మీద పడింది. తాను బిగించి తెచ్చిన నెమలికంఠం జాకెట్టు చేతులకు తొడిగి ముందుకు లాగింది. హుక్కులు కలవలేదు. ఒకటిన్నర అంగుళం. మళ్ళీ లాగి చూసింది, కలవలేదు. ఆమెకు తెలిసిపోయింది. జాకెట్టు విప్పి, అక్కడే గోడవార కూర్చుని, మధ్యాహ్నం వేసిన కుట్టును బ్లేడుతో విప్పింది. చైత్ర కత్తిరించొద్దన్న గుడ్డ లోపల పదిలంగా ఉంది. ఆ గుడ్డ వదిలి, సూదితో చేతికుట్టు వేసింది. కన్నీళ్ళకు సూది కనిపించక రెండుసార్లు వేలికే గుచ్చుకుంది. ఈసారి హుక్కులన్నీ కలిశాయి.

"సరిపోయినాదా?" అని అడిగింది కౌసల్యమ్మ, ఎవరినో అడిగినట్టు.

"సరిపోయినాదమ్మా."

పొద్దున్న అడిగినప్పుడు అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలనిపించింది. పెదవులు కదిలాయి. కౌసల్యమ్మ కోడలి పాదాల మీద తల పెట్టుకుని ఉంది. ఆ తల మీద ఇంకో రాయి వేయడానికి మునిరత్నమ్మకు మనసు రాలేదు. ఆ రాయిని తానే మోసుకుంటూ వెనక వసారాలోకి నడిచింది. చాప అట్లాగే ఉంది. తట్ట మీద లోటా బోర్లించి ఉంది. తీగ మీద టేపు ఆరిపోయి ఉంది.

ఇంటికొచ్చి దీపం వేసింది. గోడ మేకుకున్న స్కేలు తీసి బల్ల మీద పెట్టింది. ముడుచుకుని ఉండాలి, కొంచెమైనా ముడుచుకుని ఉండాలి, తప్పు దీనిదే కావాలి అని మొక్కుకుంటూ టేపును దాని పక్కన పరిచి, వేళ్ళతో సాపు చేసింది. ఒకటి దగ్గర ఒకటి. పద్దెనిమిది దగ్గర పద్దెనిమిది. ముప్పై ఆరు దగ్గర టేపును అరచేత్తో అదిమిపట్టి, వంగి, కళ్ళు తుడుచుకుని చూసింది.

ఇనుప స్కేలు పక్కన పసుపునీళ్ళ టేపు ఒక్క నూలు తేడా లేకుండా సరిగ్గా ఉంది.