ఇరవై ఆరు తలల పగడం

అది చావదని చెప్పే నాకు అమ్మారు. కొత్తగా సముద్రపు తొట్టె పెట్టుకున్నవాళ్లు కూడా పెంచగలిగే రాతి పగడమట. నీళ్లూ వెలుతురూ సరిగ్గా చూసుకుంటే దానంతటదే పెరుగుతుందన్నాడు దుకాణంవాడు. రెండు తలల ముక్క తెచ్చుకున్నాను. నాలుగేళ్లలో ఇరవై ఆరు తలలయ్యాయి. తలకో రాతి గొట్టం, దాని చివర చుట్టూ ఆకుపచ్చ వేళ్లు. పొద్దున లైటు వెయ్యగానే అన్నీ విప్పుకునేవి. వారానికి రెండుసార్లు ఒక్కో తలకీ ఒక్కో సన్న రొయ్య అందించేదాన్ని. మా ఆయన నెనాద్ లారీ తోలుతూ నెలకి ఇరవై రోజులు ఆస్ట్రియా దారిలోనే ఉంటాడు. ఆ ఇరవై రోజులూ నాకు తోడు ఆ తొట్టె, నెనాద్ వాళ్ల నాన్న, మా మావయ్య రాదివోయ్. ఇద్దరిలో తొట్టే నయం, సాధించదు.

మావయ్యకి తొట్టె అంటే గిట్టదు. తినడానికి పనికిరాని చేపలు, గోడకి పనికిరాని రాళ్లు అంటాడు. ఆయనకి లోకమంతా పెరట్లో ద్రాక్షే. మా ఊరు వర్షత్స్‌లో ఎవరిని కదిపినా ద్రాక్ష గురించే మాట్లాడతారనుకోండి, మావయ్యది మరీ ముదిరిన పిచ్చి. అందులోనూ గేటు పక్క తీగ. నెనాద్ పుట్టిన ఏడు అత్తయ్య సవేతా నాటిందది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. ఆ తీగ మీద ఇప్పటికీ ఇంకెవరి కత్తెరా పడనివ్వడు.

జూన్‌లో నిష్‌లో ఉండే మా అమ్మకి మోకాలి ఆపరేషన్. పది రోజులు వెళ్లాలి. తొట్టెని చూడ్డానికి మావయ్య తప్ప దిక్కులేదు. చెయ్యాల్సినవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఉప్పు ఎన్ని గ్రాములో, నీళ్ల వేడి ఎంత ఉండాలో, ఏ రోజు ఎన్ని లీటర్లు మార్చాలో అంతా రాశాను. ఆవిరైపోయిన నీళ్ల బదులు మంచినీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు అని రాసి కింద రెండు గీతలు గీశాను. నేనైతే ఉప్పుని చిన్న మోటారుతో కలుపుతాను. తడిచేతుల్తో కరెంటు ముట్టుకోనని ఆయన భీష్మించుకున్నాడు. అందుకని సెల్లార్ తలుపు వెనక ఉన్న చెక్క తెడ్డు తెచ్చి బకెట్‌లో పెట్టి, దీంతో కలపండి అన్నాను.

మూడోరోజు ఫోన్ చేసి ఆ తెడ్డు గురించి ఏదో అడగబోయాడు. పక్కన అమ్మ మూలుగుతోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. రాసింది రాసినట్టు చెయ్యండి, మీ తెలివితేటలు అందులో కలపకండి అని ఫోన్ పెట్టేశాను.

తిరిగొచ్చి చూస్తే ఇరవై మూడు తలలు ఖాళీ గొట్టాలు. కండ పీలికలై నీళ్లలో తేలుతోంది. నత్తలన్నీ అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి. తొట్టె శుభ్రం చేసే ఎర్ర రొయ్యా చచ్చింది. చేపలు మాత్రం నిక్షేపంలా తిరుగుతున్నాయి. చేపలు బతికి నత్తలు చచ్చాయంటే తొట్టె పెంచేవాళ్లెవరికైనా తట్టేది ఒక్కటే, రాగి. మా ఊళ్లో రాగి అంటే ద్రాక్షకి తెగులు రాకుండా కొట్టే నీలం మైలుతుత్తం. మా ఇంట్లో మైలుతుత్తం అంటే మావయ్య.

ముందు బతికున్న మూడు తలల్నీ విరిచి, కొత్త గిన్నెలో కొత్తగా ఉప్పునీళ్లు కలిపి అందులో పెట్టాను. అవి ముడుచుకుపోయి ఉన్నాయి. బతుకుతాయో లేదో ఎవరు చెప్పగలరు? అరికాలి మంట నెత్తికెక్కింది. పెరట్లోకి వెళ్లాను. మావయ్య గేటు పక్క తీగకి కొమ్మలు కడుతున్నాడు. గోడవతల పక్కింటి ల్యుబింకా పిన్ని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. విననీ అనుకున్నాను.

"నాలుగేళ్లు పెంచాను మావయ్యా. పది రోజుల్లో చంపేశారు. మైలుతుత్తం చేతుల్తో నా తొట్టెలో చెయ్యి పెట్టారు. కావాలనే పెట్టారేమో, ఎవరు చూశారు?"

"నువ్వు రాసిందే చేశాను," అన్నాడు.

"అబద్ధాలకోరు," అన్నాను, గోడ అవతలికి వినపడేట్టు. ఆయన ముఖం కందగడ్డయింది. కత్తెర జేబులో పెట్టుకుని సెల్లార్‌లోకి దిగిపోయాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడనుకున్నాను.

తొట్టెలో విషపు నీళ్లు తోడి పారబొయ్యాలి. ఇంట్లో నేల తుడిచే రెండు బకెట్లూ నిండాయి. ఎక్కడ పొయ్యాలో నేనేం ఆలోచించలేదు, నా కాళ్లే గేటు పక్కకి తీసుకెళ్లాయి. ఉప్పునీళ్లు ద్రాక్ష వేరుకి ఏం చేస్తాయో ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. నాకూ తెలుసు. తెలిసే పోశాను. సవేతా అత్తయ్య తీగ మొదట్లో రెండు బకెట్లూ ఖాళీ చేశాను. అబద్ధమెందుకు, హాయిగా అనిపించింది.

మూడోది ఉప్పు కలిపే బకెట్. అందులో తెడ్డు అలాగే ఉండిపోయింది. పొయ్యడానికి అడ్డమని దాన్ని బయటికి లాగాను. ఎండపడగానే కనిపించింది. చెక్క పగుళ్ల నిండా నీలం. కడిగితే పోయే నీలం కాదు, లోపలికంటా పట్టేసింది.

ఏప్రిల్‌లో మావయ్య హెర్నియా ఆపరేషన్‌కి ఆస్పత్రిలో ఉంటే, ద్రాక్షకి మందు కొట్టింది నేను. డ్రమ్ములో సున్నం, మైలుతుత్తం కలిపింది నేను, ఈ తెడ్డుతోనే. పనయ్యాక దీన్ని తెచ్చి సెల్లార్ తలుపు వెనక ఆనించిందీ నేనే. ఆ చీకట్లోంచి తీసి బకెట్‌లో పెట్టినప్పుడు దాని వంక చూడనైనా లేదు. మావయ్య చూశాడు. ఫోన్లో అడగబోయింది అదే.

బకెట్ అక్కడే దింపి, తెడ్డు పట్టుకుని సెల్లార్‌లోకి వెళ్లాను. ఆయన ఖాళీ పీపా మీద కూర్చుని ఉన్నాడు. తెడ్డు గురించి చెప్పాను. తీగ గురించి కూడా చెప్పాను. లేచి నన్ను దాటుకుని పైకెళ్లాడు. తీగ దగ్గర తడిమట్టిలో వేలు పెట్టి నాలిక మీద రాసుకున్నాడు. తర్వాత నా వంక చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను. పైపు తెచ్చి కుళాయి తిప్పి, నీళ్లు తీగ మొదట్లోకి వదిలాడు.

"ఉప్పు కిందికి దిగిపోవాలి. రాత్రిదాకా పెట్టు. రేపూ పెట్టు, ఎల్లుండీ పెట్టు," అన్నాడు.

పెడతానన్నాను. నాకు అప్పటికీ కోపం తగ్గలేదు. తప్పు నాదని తేలితే మాత్రం కోపం ఎటు పోతుంది? నా మీదా, ఆ దిక్కుమాలిన తెడ్డు మీదా, ఫోన్లో గట్టిగా అరిచైనా చెప్పని ఆయన మీదా మండుతూనే ఉంది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

"చెప్పనిచ్చావా?" అన్నాడు. "నన్ను అబద్ధాలకోరన్నావు. గోడవతలికి వినపడేట్టు అన్నావు. ఇదీ అక్కడికి వినపడాలి."

ల్యుబింకా పిన్ని చిక్కుడుకాయల మీంచి తల ఎత్తడం లేదు, ఒలవడం మాత్రం ఎప్పుడో ఆపేసింది. గోడ దగ్గరికి వెళ్లాను. ఇందాక అరిచినదాన్ని ఇప్పుడు గొణిగాను.

"పిన్నీ, మావయ్య తప్పేం లేదు. నీళ్లలో మైలుతుత్తం తెడ్డు పెట్టింది నేను. అత్తయ్య తీగకి ఉప్పునీళ్లు పోసిందీ నేనే."

మావయ్య పైపు పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు.

"ఇంకోసారి చెప్పు. ఆవిడకి ఎడమ చెవి వినపడదు."