గడపకూ మెట్టుకూ మధ్య

పొద్దున్నే టీకి నీళ్లు పెట్టి ఐరిస్ తలుపు తెరుస్తుంది. గడప మీద కూర్చుని కాళ్లు వేలాడేసి, ఎడమ మడమతో మెట్టును వెతుక్కుంటుంది. మెట్టు తగిలితే ఆ పూటకు గండం గడిచినట్టే.

లింకన్‌షైర్ తీరాన ఉన్న ఆ పార్కులో చక్రాల ఇళ్లు నివాసులవి, కింది నేల పార్కు యజమాని ట్రాంటర్‌ది. ఏటా ఏప్రిల్ ఒకటిన ధరలు పెరిగిన మేరకు నేల అద్దె పెరుగుతుంది. అద్దె పెరిగినంత మేరా ఇల్లు నేల మీంచి లేస్తుంది. జనం గ్యాస్ గొట్టం కాస్త పొడుగు చేయించుకుని, మెట్లకు ఇటుకలు కొనుక్కుంటారు.

ఐరిస్ ఇటుకలు పోయిన భర్త పింఛనులోంచి వస్తాయి. చిక్కంతా అక్కడే. సర్కారు దగ్గర ధరల పెరుగుదలకు రెండు కొలతలున్నాయి. పాతది ఎప్పుడూ కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఇల్లు దాన్నిబట్టి లేచేది. పింఛను మాత్రం కొత్త కొలతను బట్టి పెరిగేది. మొదటి ఏడు గడపకూ పై మెట్టుకూ మధ్య వేలు పట్టేంత సందు. ఇప్పుడు మోకాలెత్తు.

పక్కింటి వాల్టర్‌కు ఆ సందు నడుమెత్తు అయ్యాక ఆయన దిగడమే మానేశాడు. తాడుకు బకెట్ కట్టి దింపితే, వెనక వరసలో ఉండే నెల్ అందులో పాలూ రొట్టే వేసేది. క్రిస్మస్ ముందు కూతురు నిచ్చెన తెప్పించి, ఆయన్ను వృద్ధాశ్రమానికి తీసుకుపోయింది. ఇల్లు అమ్ముడైతే ధరలో పదోవంతు ట్రాంటర్‌కి. బకెట్ ఇంకా గాలికి ఊగుతోంది. ఐరిస్ ఆ వైపు కర్టెన్ తీయదు.

ఈ ఏటి అద్దె పెంపు నోటీసు వచ్చాక నెల్ మెట్ల మీదికొచ్చి నిలబడింది.

"ఒప్పేసుకున్నావా?"

"ఇంకా లేదు. రేపు పెంచి కట్టమని బ్యాంకులో చెప్పేస్తా. ఎందుకొచ్చిన గొడవ."

"నీకూ వాల్టర్‌కీ ఒకటే రోగమే. ముందు కట్టేస్తారు, తర్వాత మీరే సారీ చెబుతారు. చట్టం మారింది. ఇకమీదట అద్దెక్కూడా చిన్న కొలతే. వీడు పాతదే వేసి పంపాడు."

"పొరపాటేమో."

"ఇంటింటికీ అదే పొరపాటా? పెంచి కడితే ఒప్పుకున్నట్టే. కట్టకపోతే వాడే ట్రిబ్యునల్‌కి వెళ్లాలి."

"వెళ్తే?"

నెల్ బకెట్ వైపు చూసింది.

శనివారం ట్రాంటర్ కుక్కను పట్టుకుని వచ్చాడు.

"ఏమ్మా ఐరిస్, మోకాళ్లెలా ఉన్నాయి? ఎదురింటి బెర్నార్డ్ కూడా నిన్ననే సంతకం పెట్టాడు. నువ్వూ, ఆ నెల్లూ మిగిలారు."

"పైకి రండి, టీ ఇస్తాను."

ట్రాంటర్ మెట్లెక్కాడు. పై మెట్టు మీద ఆగి గడప మీద చెయ్యి వేశాడు. ఒక కాలు ఎత్తి, మళ్లీ దించేశాడు.

"ఎందుకులే. ఇక్కణ్ణించే చెబుతా."

"నేను రోజూ దిగుతాను." ఆమె తలుపు చెక్క పట్టుకుంది. "చిన్న కొలతకు ఎంతో అంతే కడతాను, మిస్టర్ ట్రాంటర్. సారీ."

"వాల్టర్ ఎప్పుడూ ఇలా ఇబ్బంది పెట్టలేదు," అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమె గొళ్లెం రెండుసార్లు చూసుకుంది.

మార్చి చివర్లో, పింఛను పెరిగినంత మేరా ఐరిస్ మెట్ల మీద నెల్ ఇటుకలు పేర్చింది. ఏప్రిల్ ఒకటిన ఐరిస్ మంచం అంచు పట్టుకుని కూర్చుంది. చెంచాలు గలగలమన్నాయి. ఇల్లు కిర్రుమంటూ లేచి, ఆగింది. చుట్టూ మిగతా ఇళ్లు ఇంకా లేస్తూనే ఉన్న చప్పుడు.

చాలాసేపటికి తలుపు తీసి, గడప మీద కూర్చుని కాలు చాపింది. మడమకు మెట్టు తగిలింది, నిరుడు ఎక్కడ తగిలిందో అక్కడే. మోకాలెత్తు సందు మోకాలెత్తే ఉంది. పాత సందును ఏ చట్టమూ పూడ్చదు.

ఎదురింటి గడప నుంచి బెర్నార్డ్ కాలు గాల్లో మెట్టు కోసం వెతుకుతోంది. చెప్పు జారి కింద పడింది. ఐరిస్ దిగి, రోడ్డు దాటి వెళ్లి, అతని పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నేనే, బెర్నార్డ్," అంది. "మెట్టు ఇంకా కిందుంది."