దుర్బీన్ మీది నల్ల టేపు

టేపు ఎవరు పీకిన్రో చెప్పవేందే అని మళ్లీ అడుగుతున్నాడు అంజయ్య, పొద్దున చాయ్ తాగినప్పటి నుంచి ఇదే పాట, నేను కత్తిపీట ముందు కూర్చొని తొక్కుకు మామిడికాయలు కొడుతున్నాను, టెంక ముదిరింది, ఇంకొన్నాళ్లయితే కత్తి దిగదు, నేనే పీకిన అని అప్పుడే చెప్పాను కదా, నమ్మడు, పెళ్లాం ముట్టుకునే వస్తువులు వేరే ఉన్నాయి ఆయన లెక్కలో, కుక్కరు ముట్టుకోవచ్చు, బర్రె కుడితి ముట్టుకోవచ్చు, బోరు స్టార్టరు షాక్ కొడుతున్నా సరే ముట్టుకోవచ్చు, దుర్బీన్ మాత్రం ముట్టుకోదు అనుకుంటాడు, సునందా నువ్వు పీకినవా అని బిడ్డను అడుగుతున్నాడు, అది పదో తరగతి పరీక్షలు రాసి రికామీగా ఉంది, నాకేం తెల్సు నాయినా, అమ్మ పీకిన అంటున్నది కదా అంటుంది, మీ అమ్మకు ఏం తెలుస్తదే దాని సంగతి అంటాడు, నా ముందే, నా వంక చూడకుండానే, కత్తి కింద కాయ రెండు చెక్కలై జీడి విరిగింది.

తెలియకేం, రైఫిల్ మీద బిగించే స్కోప్‌ను మా ఇంట్లో అందరూ దుర్బీన్ అనే అంటారు, జానెడు నల్ల గొట్టం, రెండు కొనలకూ అద్దం, నడుమ తిప్పే కడియం, కడియం మీద ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు, ఒకటి మీద పెడితే మామూలు కంటితో చూసినట్టే ఉంటుంది, నాలుగు మీదికి తిప్పితే దూరానున్నది నాలుగింతలు దగ్గరికి వస్తుంది, సునంద నాలుగో తరగతిలో ఉన్నప్పుడు చేనులో పడే అడవిపందులను కొట్టడానికని ఈయనా, మరిది కొమురయ్యా ఇద్దరూ హైదరాబాదు పోయి తెచ్చారు, మరీ చవకదైతే అద్దం మసకబారుతుంది, మరీ గొప్పదైతే మనకందదు అని నడితరంది చూసి కొన్నారు, నిజానికి మంచి వస్తువే, వానలో తడిసింది, బండి మీంచి పడింది, లోపల ఇంత తేమ పట్టలేదు, మొదటిరోజే ఈయన కన్ను మరీ దగ్గరగా ఆనించి కాల్చాడు, తుపాకి వెనక్కి తన్ని దాని అంచు కనుబొమ్మ మీద నెలవంకలా కోసింది, మా అత్త రాజవ్వ పసుపు అద్దుతూ పందిని కొట్టబోయి నిన్ను నువ్వే కొట్టుకుంటివేందిరా కొడకా అని నవ్వింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, కోపం వస్తే తెల్లబడుతుంది, ఇప్పుడు తెల్లగా ఉంది.

దుకాణం ముసలాయన చెప్పే పంపాడట, దగ్గరివాటికి ఒకటి మీదనే పెట్టు సాబ్, రెండు కండ్లూ తెరిచి చూడు, ముందు మొత్తం చూడు, తర్వాత దగ్గరికి తెచ్చుకో అని, ఆ మాట ఇంటికి వచ్చి చెప్పి ఇద్దరూ పడీ పడీ నవ్వారు, నాలుగు చన్ల బర్రెను కొని ఒక్క చన్నే పిండుతమా అన్నాడు ఈయన, కడియాన్ని నాలుగు మీదికి తిప్పి, మళ్లీ జారకుండా కరెంటు వైర్లకు చుట్టే నల్ల టేపు తెచ్చి బిగించి చుట్టాడు, అప్పటి నుంచి అది నాలుగు మీదనే ఉంది, ఎవరైనా చుట్టాలు వస్తే తుపాకి తెచ్చి చూపించి, చూడు బావా, చేను అవతలి ఫ్యాక్టరీ చిమ్నీ మీద వాలిన కాకి ముక్కు సుత కనబడ్తది అనేవాడు, కాకి ముక్కుతో మనకేం పని అని నేనంటే, నీకేం తెలుస్తదే అనేవాడు, ఈ మాట నా పెళ్లి సామాన్లతో పాటే వచ్చినట్టుంది, అరగదు, తరగదు.

గాలి అటునుంచి తిరిగింది, ఫ్యాక్టరీ నాలా వాసన వస్తోంది, సునందా కిటికీ మూయవే, ఊరగాయకు ఆ వాసన పడుతుంది, మరిది కొమురయ్య స్కూటర్ తుడుస్తూ వాకిట్లోంచి అంటున్నాడు, అన్నా, టేపు సంగతి ఇడిసిపెట్టే, ఎట్లాగూ ఇయ్యాల దుర్బీన్ అమ్ముతనే ఉన్నం గద, ఔను, ఇవాళ ఠాణాకు పోయి తుపాకి తెస్తారు, ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి, ఓట్లు లెక్కబెట్టాక తెచ్చుకోవాలి, అప్పజెప్పే ముందు దుర్బీన్ మాత్రం విప్పి ఇంట్లోనే దాస్తారు, పోలీసోళ్లు మూలకు ఇసిరేస్తరు, అద్దం పలిగితే ఎవడిస్తడు అంటాడు కొమురయ్య, తెచ్చాక మళ్లీ బిగిస్తారు, బిగించినాక గోడకు కాగితం అంటించి కాల్చి గురి సరిచూసుకోవాలట, తూటాలు దండగ అని అదీ చూసుకోరు, గురి తప్పుతుంది, తప్పితే దుర్బీన్ వంకర అంటారు, దండగది అంటారు, దీన్ని ఇచ్చేసి తొమ్మిదింతలది తెస్తారట, తొమ్మిది, ఇంకా పెద్దది.

ఇంకా పెద్దది తెచ్చి ఏం చూస్తారు, నాలుగుతో చూసిందేమిటి, ఆ చలికాలం పొద్దు నా కళ్లల్లోంచి పోదు, మంచు పట్టి చేను చేనే కనిపించడం లేదు, మక్క కంకులు పాలు పోసుకుంటున్న రోజులు, పందులు పడి సగం మడి పడగొట్టాయి, తెల్లవారే వేళ అన్నదమ్ములు మంచె మీద ఉన్నారు, నేను చాయ్ ఫ్లాస్కు తీసుకుని మంచె ఎక్కాను, అప్పుడే మోటరు గది పక్కన ఏదో నల్లగా కదిలింది, ఈయన తుపాకి ఎత్తాడు, కన్ను ఆనించాడు, నేను ఒట్టి కళ్లతో చూస్తున్నాను, వంగిన వీపు, పక్కన నేల మీద ఏదో తళుక్కుమంది, పంది దగ్గర తళుక్కుమనేది ఏముంటుంది, మనిషయ్యా, ఆగు, అన్నాను, నోర్ముయ్, వెంట్రుకలు కనబడుతున్నయ్ అన్నాడు, కాల్చాడు, చెవులు గింగురుమన్నాయి, ఆ నల్లటిది లేచి రెండు కాళ్ల మీద ఉరికింది, రెండు కాళ్ల మీద, నేను చూశాను, వీళ్లు మంచులోకి చూస్తూ పాయె, తప్పిచ్చుకున్నది అంటున్నారు, మనిషి అని అరిచాను, వదినెకు మంచుల దయ్యాలు కనబడుతున్నయే అన్నా అని కొమురయ్య నవ్వాడు.

మంచె దిగి నేనే పోయాను, నెత్తురు లేదు, అంతవరకు దేవుడు చల్లగా చూశాడు, గొంగడి పడి ఉంది, సంగారెడ్డి అంగట్లో అమ్మే నల్ల ఉన్ని గొంగడి, నాలుగింతలు దగ్గరికి తెచ్చుకుంటే కనిపించేది ఆ ఉన్ని పోగులే, అవే వెంట్రుకలు, పక్కన స్టీలు టిఫిన్ డబ్బా మూత ఊడి రొట్టెలు, ఆలుగడ్డ కూర మట్టిలో పడ్డాయి, ఇంకా వేడి తగ్గలేదు, పొద్దు షిఫ్టుకు ఫ్యాక్టరీకి పోయేవాడు, చెప్పు తెగి వంగాడో, బయటికి కూర్చున్నాడో, మోటరు గది గోడకు తూటా బొక్క, కూర్చున్న మనిషి తలంత ఎత్తున, మూరెడు ఎడమగా, గురి వంకరపోబట్టి మూరెడు, సరిగ్గా ఉంటే, వద్దు, డబ్బా తెచ్చి వీళ్ల ముందు పెట్టాను, పంది రొట్టెలు చేసుకొని వస్తదా అని అడిగాను, ఎవడో కూలోడు పారేసుకున్నడు తియ్, ఊళ్లె చెప్పకు, లైసెన్స్ పోతది అన్నాడు ఈయన, మనిషి పోయేవాడు అనలేదు, లైసెన్స్ పోతది అన్నాడు.

డబ్బా మూత మీద చుక్కలు చుక్కలుగా హిందీ అక్షరాలు కొట్టి ఉన్నాయి, సునంద కూడబలుక్కొని చదివింది, ఫూల్‌మతి అనమ్మా, ఆడామె పేరు, అంది, నా పెళ్లి గిన్నెల మీదా ఉంది అట్లాగే అరుణ అని, మా అమ్మ జోగిపేట సామాన్ల దుకాణంలో కూర్చొని ఒక్కో గిన్నె మీదా దగ్గరుండి కొట్టించింది, ఫూల్‌మతి అమ్మ కూడా ఎక్కడో ఏ ఊళ్లోనో అట్లాగే కొట్టించి ఉంటుంది, ఆ డబ్బా కడుక్కొని ఫ్యాక్టరీ గేటు దాకా పోయాను, కంట్రాక్టోళ్లమ్మా, ఇయ్యాల ఉంటరు రేపు పోతరు, ఎవనిదని అడగాలె అన్నాడు వాచ్‌మెన్, తెచ్చి నా గూట్లో పెట్టుకున్నాను, నా గిన్నెల వరుసలో, అరుణ పక్కన ఫూల్‌మతి.

తుపాకి ఠాణాకు పోయినాక, మొన్న వడియాలు ఎండబెట్టడానికి మిద్దె ఎక్కుతూ, బీరువాలో చీరల మధ్య దాచిన దుర్బీన్ వెంట తీసుకుపోయాను, టేపు పట్టి లాగితే ఎండకు మెత్తబడిన జిగురు వేళ్లకంటింది, నాలుగు మీద చూస్తే మోటరు గది గోడ, ఆ బొక్క, అంతే, దాని చుట్టూ ఏమీ లేదు, కడియం బిగుసుకుపోయింది, కొంగుతో పట్టి తిప్పాను, ఒకటి దగ్గర టక్కున ఆగింది, రెండు కళ్లూ తెరిచే చూశాను, చేను మొత్తం వచ్చింది, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, ఫ్యాక్టరీ వెనక గోడ, దాని చిన్న గేటు, ఇటు బస్సు రోడ్డు, రోడ్డు నుంచి గేటుకు నా చేను నడుమ నుంచి తెల్లగా బాట, ఎన్ని కాళ్లు తొక్కితే అంత తెల్లబడుతుంది, దాని మీద మనుషులు, చీరలు, ప్యాంట్లు, డబ్బాలు, ఒకామె చంకన పిల్లాడు, ఏళ్లుగా మా కళ్ల ముందే నడుస్తున్నారు, మేం వెంట్రుకలు చూసుకుంటున్నాం.

ఏయ్, నిన్నే, పాసుబుక్కు ఏడ పెట్టినవే, లైసెన్స్ కూడా రెన్యువల్ చెయ్యాలె, భూమి కాగితం లేంది ఇయ్యరట, గిక్కడ సంతకం పెట్టు, జల్దీ, అంటున్నాడు, పంట కాపలాకని ఇచ్చిన లైసెన్స్ అది, ఆ పంట పండే భూమి మా నాయన నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చింది, ఇన్నేళ్లూ సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను, గిక్కడ అంటే గిక్కడ, అత్త గడపలో కూర్చొని టెంకల జీడి తీస్తోంది, కొమురయ్య స్కూటర్ స్టార్ట్ చేశాడు, దుర్బీన్ తువ్వాలలో చుట్టి ఈయన చంకలో ఉంది, నేను కత్తి దించి చేతులు కడుక్కున్నాను, సొన లేని చేతులతో చెప్పాలనిపించింది, గూట్లోంచి ఫూల్‌మతి డబ్బా తెచ్చి అందరి నడుమ నేల మీద పెట్టాను, స్కూటర్ బందు చెయ్యి కొమురయ్యా అన్నాను, చేశాడు, ఎందుకు చేశాడో వాడికే తెలియదు, నా గొంతు పెద్దగా కూడా లేదు.

పాసుబుక్కు ఇయ్య, అన్నాను, సంతకం పెట్ట, తుపాకి ఠాణలనే ఉండనీ, నా చేన్ల ఇగ తూటా పేలదు, ఏందే, పిచ్చి లేసిందా అన్నాడు, మచ్చ ఇంకా తెల్లబడింది, మక్క మొత్తం పందుల పాలైతది, అప్పుడు తెలుస్తది నీకు అన్నాడు, తెలిసే చెప్తున్న, గట్ల చుట్టూ పాతచీరెలు కడ్తం, రంగు చూసి పందులు దగ్గరికి రావు, బాట కాడ మాత్రం మనుషులు నడిచేటంత జాగ ఇడుస్తం, వస్తే రానీ, సగం తింటే తిననీ, అన్నాను, కొమురయ్య డబ్బా వైపు చూసి స్కూటర్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు, అత్త జీడి తీస్తున్న చెయ్యి ఆపలేదు, తలెత్తలేదు, నా సందుగ పెట్టెల ఎర్రచీర ఉన్నది, అది కట్టు పిల్లా, మస్తు దూరం కనబడ్తది అంది, ఈయన నిలబడే ఉన్నాడు, నేను లేచి ఆయన చంకలోంచి తువ్వాల తీసుకున్నాను, ఇచ్చాడు, దీన్ని అమ్మేది లేదు, ఇది వంకరది కాదు, ఒకటి మీద పెట్టి మిద్దె మీద ఉంచుత, ఎవరికి చూడాలనిపిస్తే వాళ్లు చూడున్రి, నువ్వు సుత, అన్నాను, మళ్లీ వచ్చి కత్తిపీట ముందు కూర్చున్నాను, ఇంకా సగం కాయలున్నాయి, నాకేం తెలుసునని ఇన్నేళ్లూ నేనూ అనుకుంటూ వచ్చాను, ఆ మంచులో మనిషిని చూసింది మాత్రం నేనే.