రోకళ్ళు ఆగిన ఊరు

నేను ఒక పొట్టు తీసే యంత్రాన్ని. సామలైనా కొర్రలైనా నా నోట్లో పోసి మీట నొక్కితే చాలు, గింజనొకవైపూ పొట్టునొకవైపూ పంపేస్తాను. ఇద్దరు ఆడవాళ్ళు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా దంచి, చెరిగి చేసే పనిని నేను టీ చల్లారేలోపు ముగిస్తాను. గొప్పలు పోతున్నాననుకోకండి. ఒకప్పుడు పోయేదాన్నే. ఇప్పుడు ఎవరైనా నా పనిని పొగిడితే వినలేకపోతున్నాను.

నేను పుట్టింది తమిళదేశంలో, ఒక ఇరుకు వీధి కార్ఖానాలో. రేకు కోసినవాడికి నడుంనొప్పి, అతుకులు వేసినవాడికి పెళ్ళి కావడంలేదన్న బెంగ. ఇద్దరూ తమ గోడు ఒకరికొకరు చెప్పుకుంటూనే నన్ను తయారుచేశారు. ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు పూసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి మొదటిసారి మీట నొక్కారు. నేను పెట్టిన కేకకు పక్కింటి పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. యజమాని మాత్రం "మంచి గొంతు" అని మురిసిపోయాడు. మనుషులకు చప్పుడంటే భలే నమ్మకం. గట్టిగా అరిచేది గట్టిగా పనిచేస్తుందనుకుంటారు.

నన్ను కొన్నది మణిమాల. విజయనగరం అమ్మాయి. వ్యవసాయ కళాశాలలో చదివి, పట్నంలో చిరుతిళ్ళ కంపెనీలో ఆరేళ్ళు పనిచేసి, అది వదిలేసి కొండెక్కింది. ఆమె మనసు పడిన ఊరు ఇప్పలపుట్టు. అక్కడివాళ్ళు సామలు పండిస్తారు, పొట్టుతోనే సంతలో అమ్మేస్తారు, ఆ పైన ఇళ్ళకు తాళాలు వేసి మైదానంలో ఇటుక బట్టీలకు పోతారు. ఏటా కొన్ని తాళాలు తెరుచుకోకుండా మిగిలిపోతున్నాయి. సామల్ని ఊళ్ళోనే బియ్యంగా మార్చి, సంచులకెత్తి, ఊరి ఆడవాళ్ళే పట్నానికి పంపుకుంటే వలస ఆగుతుందని మణిమాల నమ్మకం. ఊళ్ళో పొయ్యిలన్నీ మళ్ళీ వెలగాలని జీపులో దారిపొడవునా డ్రైవరుకు చెబుతూనే ఉంది. అతను ఊఁ కొడుతూ గుంటలు తప్పించుకుంటూ నడిపాడు.

రోడ్డు ఆగిపోయిన మెట్ట మీద నాకోసం రేకుల షెడ్డు వేశారు. ఎదురుగా ఇంకో మెట్ట మీద ఊరు. రెంటికీ మధ్య, కింద గెడ్డ. కొండవాగుని అక్కడ గెడ్డ అంటారు. గెడ్డనుంచి ఊరికి కాలిబాట ఉంది. షెడ్డుకు రావాలంటే మాత్రం ఊళ్ళోంచి చుట్టూ తిరిగి రావాలి. గెడ్డవైపు మా మెట్ట బాగా ఏటవాలుగా దిగిపోతుంది, అటు దారి లేదు.

కరెంటు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నోరు మూసుకుని కూర్చున్నాను. నా బతుకులో నేను ఏదైనా విన్నానంటే అప్పుడే. తెల్లవారేసరికి ఎదుటి మెట్ట మీద రోకళ్ళు మొదలయ్యేవి. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి, కాసేపటికి ఊరంతా. పోటీదారుల గొంతు వినే గాయకురాలిలా నేను లోపల్లోపల నవ్వుకున్నాను.

ఆ రోజుల్లోనే సోములమ్మ నన్ను చూడడానికి వచ్చింది. చూడడమంటే చేతులతో. చూపు పోయి ఇరవై ఏళ్ళయింది. కొడుకు సింగన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, వెనకే కోడలు చిలకమ్మ. ముసలామె నా నోరు తడిమింది, పొట్ట తట్టింది.

"ఇదేటే సిలకా, దున్నపోతులాగుంది. పాలిస్తాదేటి?" అంది. అందరూ నవ్వారు. అంతలో ఎదుటి మెట్ట మీద ఎవరో దంచడం మొదలుపెట్టారు. సోములమ్మ చెవి అటు తిప్పి మణిమాలతో అంది. "ఇనిపిస్తందా మేడమ్మా? తొందర తొందరగా ఏస్తంది సూడు, అది పైయింటోలి కొత్తకోడలు. ఇంకా నిద్ర తీరనేదు దానికి. మా సిలకమ్మదైతే అలక్కాదు. బరువుగా, ఒక్కలాగే పడతాది. పొద్దున్న గెడ్డకి నీల్లకెల్తానా, తిరిగి ఆ సప్పుడు ఎంటే ఇంటికొచ్చీస్తాను."

మణిమాల ఆ మాటల్ని పుస్తకంలో రాసుకుంది. ఆమె అన్నీ రాసుకుంటుంది. రాసుకుంటే విన్నట్టేనని ఆమె ఉద్దేశం.

కరెంటు వచ్చింది. నేను నోరు విప్పాను. మొదటి రోజు జనం చెవులు మూసుకున్నారు, వారం తిరిగేసరికి వరసల్లో నిలబడ్డారు. మణిమాల మొండిది. సంచుల మీద ముద్ర సరిగా పడలేదని పట్నంవాళ్ళు తిప్పి పంపితే, ఆడవాళ్ళతోపాటు నేలమీద కూర్చుని అన్నీ మళ్ళీ కుట్టింది. జ్వరంతో ఒణుకుతూ సంతల్లో నిలబడి సామన్నం వండి జనానికి రుచి చూపించింది. రెండో పంటకు బట్టీలనుంచి మూడు కుటుంబాలు తిరిగొచ్చాయి. ఆ తర్వాత ఇంకో రెండు. చిలకమ్మ ఒకనాడు అరచేతులు చూసుకుని, "కాయలు పోనాయి మేడమ్మా. నా సేతులు నాకే కొత్తగున్నాయి" అని పసిపిల్లలా నవ్వింది. నాకు ఆ నవ్వు చాలా ఇష్టం. అదీ నిజమే, దాచుకోను.

రోకళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరికంటే ఆఖరున ఆగింది చిలకమ్మది. సామలన్నీ నా దగ్గరికి తెచ్చినా, ఇంటి మట్టుకు ఒక చాటెడు చేత్తోనే దంచుకునేది. అయితే మణిమాలకు నన్ను నడిపే మనిషి కావలసివచ్చింది. చిలకమ్మకు పని నేర్పింది. తెల్లవారుజామున కరెంటు నిలకడగా ఉంటుంది కాబట్టి ఆ వేళకే ఆమె షెడ్డులో ఉండాలి. దాంతో ఆ ఇంట్లో రోలు మూలకు పోయింది.

మర్నాడు మధ్యాహ్నం సోములమ్మ కొడుకుని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చింది. ఈసారి నన్ను ముట్టుకోలేదు.

"రోకళ్ళన్నీ ఆపీసినారు. పొద్దున్న గెడ్డకాడ ఎంతసేపు నిల్సున్నానో తెలుసా? ఊరు ఎటుందో తెలిస్తేనా! ఎవలో గొడ్లు తోలుకొస్తంటే ఆ ఎనకాల వొచ్చినాను" అంది.

"బాగుందత్తా! నలబై ఏళ్ళు నడిసిన దారి, నీ కాళ్ళే నిన్ను మోసుకురావేటి?" అంది చిలకమ్మ. ఊళ్ళో అందరూ అలాగే అనుకునేవారు, ముసలామె కాళ్ళకు దారి తెలుసని. మణిమాల ఆమె భుజం మీద చెయ్యి వేసి, "రోకలి మీద మీకంత ప్రేమా మామ్మా?" అని ముచ్చటపడింది. "నీళ్ళకు ఇంకెవరినైనా పంపిద్దాంలెండి" అని కూడా అంది. ముసలామెకు కోపం వచ్చింది. తన నీళ్ళు తాను తెచ్చుకోలేని రోజు రాలేదని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. సంచులు ఎదురుచూస్తున్నాయి. చిలకమ్మ మీట నొక్కింది. నేను అరవడం మొదలుపెట్టాను.

ఆ మర్నాడు మంచు దట్టంగా పట్టింది. చిలకమ్మ తెల్లవారకముందే వచ్చి నన్ను నడిపించింది. నేను తీసిన పొట్టును షెడ్డు వెనక, గెడ్డవైపు దిగే వాలులో పోసేవారు. రెండు పంటల పొట్టు అక్కడ పరుచుకుపోయి ఉంది. మంచుకు తడిసి నూనె రాసినట్టు జారుతోంది.

ఎండ పైకి వచ్చాక సింగన్న పరుగున వచ్చాడు. ఏదో అరిచాడు. నా గోలలో చిలకమ్మకు రెండుసార్లు వినబడలేదు. మూడోసారికి నన్ను ఆపాకే మాట తెలిసింది, "అమ్మ ఇటేపు గానీ వొచ్చిందా?" అని.

వాలు కింద, బండల దగ్గర దొరికింది సోములమ్మ. బిందె సొట్టపడి పక్కన ఉంది. పొట్టు మీద సగం ఎత్తు దాకా ఆమె పాకిన గుర్తులు ఉన్నాయి, రెండు మోకాళ్ళవీ, పది వేళ్ళవీ. అక్కణ్ణుంచి ఒకటే చార కిందికి.

ఆ వేళకు ఆ కొండల్లో చప్పుడు చేస్తున్నది నేనొక్కదాన్నే. చప్పుడున్నచోట ఊరుంటుంది, కోడలుంటుంది. ఆమెకు తెలిసింది అదే. నా గొంతు పట్టుకుని నడిచింది. నేను ఊసిన పొట్టు మీద జారింది. జారేముందు ఎవరినైనా పిలిచిందా? ఇరవై అడుగుల దూరంలో కోడలు ఉంది. పిలిచే ఉంటుంది. నేను మాత్రం ఏమీ వినలేదు. నా పళ్ళ మధ్య గింజలు నలుగుతుంటే నాకు ఇంకేమీ వినబడదు. ఆ వినబడని పిలుపు ఇప్పటికీ రోజూ నాకు వినిపిస్తుంది.

మగవాళ్ళు నన్ను లోయలోకి తోసేస్తామని గునపాలు పట్టుకుని వచ్చారు. అడ్డం నిలబడింది చిలకమ్మే. ఏడ్చి ఏడ్చి కళ్ళు తెరవలేకుండా ఉంది.

"మిసన్ని తోసీడం మీకు సులువే. రేప్పొద్దున్న దంచీది మీరేటి?" అంది. గునపాలు దించుకుని వెళ్ళిపోయారు.

ఆ పగలంతా మణిమాల షెడ్డు పక్కన తన గదిలోనే ఉండిపోయింది. సాయంత్రం పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుంది. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. 'ఆ సప్పుడు ఎంటే ఇంటికొచ్చీస్తాను.' ముసలామె అన్నమాట అన్నట్టుగానే ఉంది, తేదీతో సహా, ముత్యాల్లాంటి అక్షరాల్లో. కింద గీత కూడా గీసి ఉంది. మణిమాల ఆ పేజీ మీద తల పెట్టి ఏడ్చింది. నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. కోపం ఆమె మీదో నా మీదో చెప్పలేను.

నేను ఉండిపోయాను, ఇప్పటికీ పని చేస్తున్నాను. ఎండ పైకి వచ్చేదాకా నన్ను నడపకూడదన్నది చిలకమ్మ పెట్టిన కట్టుబాటు. పొట్టు వేరేచోట పోస్తున్నారు. ఇప్పుడు ఇప్పలపుట్టులో తాళం ఉన్న ఇల్లు ఒకటే, అదీ పెళ్ళికి వెళ్ళినవాళ్ళది. అయినా నేను మర్చిపోలేని పొద్దు ఒకటుంది. అది సోములమ్మ పోయిన పదోనాడు.

పోయినవాళ్ళ జీవుడు పది రోజులు బయటే తిరుగుతాడనీ, పదోనాడు పిలిచి ఇంట్లోకి తెచ్చుకోవాలనీ ఆ ఊరివాళ్ళ నమ్మకం. మామూలుగా పేరు పెట్టి పిలుస్తారు. సోములమ్మను పేరుతో పిలిస్తే చాలదని చిలకమ్మ అంది. తెల్లవారుతుంటే మూలకు పోయిన రోళ్ళన్నీ వాకిట్లోకి వచ్చాయి. ఎదుటి మెట్ట మీద ముందు ఒక రోకలి మొదలైంది, బరువుగా, ఒక్కలాగే. అది ఎవరిదో నాకూ తెలిసింది. తర్వాత తొందర తొందరగా ఇంకొకటి. కాసేపటికి ఊరంతా.

మణిమాల ముందురోజే ఎవరినో బతిమాలి ఒక రోలూ రోకలీ తెచ్చి షెడ్డు వాకిట్లో పెట్టుకుంది. స్నానం చేసి, తడి జుట్టుతో దంచడం మొదలుపెట్టింది. అలవాటు లేని చేతులు, ఒక దెబ్బ రోట్లో, ఒక దెబ్బ అంచు మీద. పెదవి కొరుక్కుని, కన్నీళ్ళు కారుతుంటే ఆపకుండా దంచుతోంది.

చుట్టుదారిన సింగన్న పరిగెత్తుకొచ్చాడు. రొప్పుతూ రెండు చేతులూ జోడించాడు.

"మేడమ్మా, ఆపీ! నీకు దండం పెడతాను ఆపీ! ఇటేపునుంచి సప్పుడైతే మాయమ్మ మల్లా ఇటే వొచ్చీగల్దు."

మణిమాల చేతులు గాలిలోనే ఆగిపోయాయి. రోకలిని చప్పుడు కాకుండా గోడకు ఆనించింది. సింగన్న వచ్చిన దారినే పరిగెత్తాడు. ఆమె లోపలికి వచ్చి, నా పక్కన నేలమీద కూర్చుని, వెక్కిళ్ళు బయటికి రాకుండా రెండు చేతులతో నోరు మూసుకుంది. అటు చిలకమ్మ రోకలి పడుతూనే ఉంది. ముసలామె ఇల్లు చేరేదాకా మేమిద్దరం కదలలేదు.