అనుమతి ఎవరిచ్చారు

గ్లోరీ కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి. కుట్లు వేయించి సరాసరి మెర్సీ వాళ్ళింటికే వచ్చింది ఆ పిల్ల తల్లి సారిక. హాల్లో కూర్చుంది. ఒళ్ళో నాలుగేళ్ళ గ్లోరీ, తలకి కట్టుతో నిద్రపోతోంది. మెర్సీ మాత్రం లోపలి గదిలో మోకాళ్ళ మీద ఉంది. మంచం కింద దూరిన కూతుర్ని బయటికి పిలుస్తోంది.

"పడిపోయినోళ్ళని వదిలెయ్యకూడదు మమ్మీ," అంది మంచం కింద నుంచి షారోన్. ఆరేళ్ళ గొంతు. "ఫినిష్ చెయ్యకపోతే లేచి మనల్ని చంపేస్తారు."

మెర్సీ చెయ్యి మంచం కోడు మీద అలాగే ఆగిపోయింది.

రెండు గంటల క్రితం చర్చి ఆవరణలో పిల్లలు పాటల ప్రాక్టీసు అయిపోయి ఆడుకుంటున్నారు. పరుగులో గ్లోరీ జారి పడింది. షారోన్ వెనకే వెళ్ళి, చేతిలో ఉన్న చెక్క స్కేలుతో, పడిన పిల్లని మూడు దెబ్బలు కొట్టింది. కోపంగా కొట్టి ఉంటే పిల్లల గొడవ అనుకునేవారు. హోంవర్క్ చేస్తున్నంత శ్రద్ధగా కొట్టింది. చూసినవాళ్ళు హడలిపోయింది అందుకే.

హాల్లోంచి అత్తగారు సంపూర్ణమ్మ గొంతు వినపడుతోంది. "ఆ ట్యాబులో ఆటలన్నీ ఏరి ఏరి పెట్టింది వాళ్ళమ్మేనమ్మా. మమ్మల్ని ముట్టుకోనిస్తేగా."

ఏరి ఏరి పెట్టిన మాట నిజమే. ట్యాబు తెచ్చింది భర్త. అన్నం తినేటప్పుడు పిల్ల గోల చెయ్యకుండా ఉంటుందని తెచ్చాడు. "అందులో ఏం ఉండాలో నువ్వే చూసుకో, అది నీ డిపార్ట్‌మెంటు" అని మెర్సీ చేతిలో పెట్టి, రైస్ మిల్లుకి వెళ్ళిపోయాడు. సరే, చూసుకుంది. మే నెల ఎండలో, కొత్త పిల్లల్ని చేర్పించమని మెర్సీ లాంటి ప్రైవేటు బడి టీచర్లు గడప గడపకీ తిరిగే రోజులవి. ఆ పనికి జీతం ఉండదు. తిరిగి తిరిగి, ఎవరి అరుగు మీదో కాసేపు కూలబడినప్పుడు ఒక్కో ఆటా తనే ఆడి చూసింది. మూడేళ్ళ పిల్లలకి అని రాసి ఉన్న ఎలుగుబంటి ఆట చాలా ముద్దుగా ఉంది, కానీ నాలుగో మెట్టు దాటాక ఆ ఎలుగుబంటే మిగతావాటిని కరిచి తరుముతుంది. తీసేసింది. ఇంకోటి రంగుల ఆట, మధ్యమధ్యలో కత్తులు పట్టుకున్న మనుషుల ప్రకటనలు. తీసేసింది. ముక్కూమొహం తెలీనివాళ్ళు మాట్లాడించే ఆటలన్నీ తీసేసింది. చివరికి నాలుగు మిగిలాయి. విత్తనాలు నాటేది, వంతెన కట్టేది, తప్పిపోయిన కుక్కపిల్లల్ని ఇల్లు చేర్చేది, రంగులు జతపరిచేది. ఇరవై రోజుల పని అది. చేసినట్టు ఎవరికీ తెలీదు, చెడితే మాత్రం చేసిందెవరో అందరికీ తెలుస్తుంది. "పిల్లలాటకి కూడా పరీక్షలా అమ్మాయ్, మేం పెంచలేదా" అని అత్తగారు అప్పట్లో నవ్వారు.

మెర్సీ లేచి, పరుపు కింద నుంచి ట్యాబు తీసింది. నాలుగు బొమ్మల పక్కన ఐదోది ఉంది. ఇనప టోపీ పెట్టుకున్న మనిషి, చేతిలో తుపాకి. పదహారేళ్ళు దాటినవాళ్ళకి అని కిందే రాసి ఉంది.

ఇది ఎలా వచ్చింది? పెద్దవాళ్ళ అనుమతి లేకుండా కొత్త ఆట దిగకుండా తనే తాళం వేసింది. ట్యాబులో అనుమతుల పట్టీ వెతికింది. దొరికింది. ఆట అడిగిన రోజు మంగళవారం. అడిగింది షారోన్. అనుమతి వచ్చింది ఇంటి పెద్ద ఫోన్ నుంచి.

ఇంటి పెద్ద. తాళం వేసిన రోజు ట్యాబు అడిగింది, అనుమతులు ఎవరి ఫోన్‌కి పంపాలని. మెర్సీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గ్యాస్ బుక్కు భర్త పేరు, ఇల్లు ఆయన పేరు, పిల్ల బడి ఫారంలో మొదటి గడి ఆయన పేరు. అలవాటుగా ఆయన నంబరే కొట్టేసింది. ఇరవై రోజులు కాపలా కాసి, తాళంచెవి తీసుకెళ్ళి ఆయన జేబులో పెట్టింది.

"మంగళవారం డాడీని అడిగావా?"

మంచం కింద చిన్న కాళ్ళు ఇంకా లోపలికి ముడుచుకున్నాయి. "పక్కింటన్నయ్య ఆడతాడు కదా, నాక్కూడా కావాలని నొక్కాను. వచ్చేసింది. రాత్రి భయమేసి డాడీకి చూపించాను. బొమ్మలే కదా, ఏం కాదు, మమ్మీకి చెప్పకు అన్నారు."

తలుపు దగ్గర చప్పుడైంది. భర్త నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో. మెర్సీ ట్యాబు అతని వైపు తిప్పింది. అతను దాన్ని చూడకుండా తలుపు దగ్గరికి వేశాడు.

"మిల్లులో లోడింగ్ టైమది. అనుమతి ఇమ్మని ఫోన్ మోగుతానే ఉంది, నొక్కేశాను. తర్వాత నీకు చెప్తే గొడవ చేస్తావని ఊరుకున్నాను." గొంతు తగ్గించాడు. "ఇప్పుడది తవ్వకు మెర్సీ. రేపు చర్చిలో ప్రభు బల్ల. నాన్న పాస్టరు అయ్యగారి పక్కన నిలబడి ద్రాక్షరసం గిన్నె అందించాలి. కొడుకు మీద మాటొస్తే ఆయన నిలబడతారా? పొరపాటైంది అని నువ్వో ముక్క అనెయ్. నీకేం పోతుంది?"

నీకేం పోతుంది. సండే స్కూల్లో పద్దెనిమిది మంది చిన్నపిల్లల క్లాసు పోతుంది. ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో, ఆమెకి ఆమెగా ఉన్న గంట అదొక్కటే. సొంత పిల్లకి చంపే ఆటలిచ్చిన టీచర్ దగ్గరికి ఎవరు పంపుతారు పిల్లల్ని? చెప్తే ఈ ఇంట్లో గాలి ఆడదు. చెప్పకపోతే, తప్పు చేసినవాళ్ళు దాక్కుంటే అమ్మ మోస్తుందని మంచం కింద పిల్ల నేర్చుకుంటుంది. ఎటు తిరిగినా గోడే.

మావగారు ఏసుపాదం పిలిచారు. ఆయన చర్చి సంఘానికి పెద్ద. రొట్టె, ద్రాక్షరసం పంచే ఆ బల్లకి ముందురోజు, తగువున్న ఇళ్ళవాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి, తప్పున్నవాళ్ళ చేత ఒప్పించి, ప్రార్థన చేసి లేపుతారు. ముప్ఫై ఏళ్ళుగా అదే పద్ధతి. ఒప్పుకోనివాళ్ళు బల్ల దగ్గరికి రాకూడదు.

మెర్సీ షారోన్‌ని బయటికి తీసి, చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచింది. ముందు గ్లోరీ దగ్గర కూర్చుని, కట్టు పక్కన చెంప నిమిరింది. "మా పిల్ల నీ పిల్లని కొట్టింది సారికా. అందుకు క్షమించు," అంది. షారోన్ కూడా సారీ చెప్పింది, ఏడుస్తూ.

సారిక కళ్ళెత్తింది. "పసిపిల్ల దానికేం తెల్సండి. ట్యాబులో చంపే ఆట ఆడుతోందని పిల్లలంతా అంటున్నారు. ఆ ఆట దాని చేతికెలా వచ్చిందో అది చెప్పండి. మీరే మా పిల్లలకి పాఠం చెప్తారు కదండి."

"చెప్తుంది," అన్నారు మావగారు, బైబిలు ఒళ్ళో పెట్టుకుంటూ. "చెప్పమ్మా. ఎవరి తప్పో నీ నోటితో పేరు పెట్టి ఒప్పుకో. ప్రార్థన చేసుకుందాం."

భర్త గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. సంపూర్ణమ్మ అప్పుడే కొంగు తల మీదికి లాక్కున్నారు, ప్రార్థనకి. ఆ ఇంటి కోడళ్ళు మొగుడి పేరు పలకరు. ఆసుపత్రి కిటికీ దగ్గర అడిగినా పక్కవాళ్ళు అందుకోవాలి, లేదా కాగితం మీద రాసివ్వాలి. ఎనిమిదేళ్ళలో మెర్సీ ఆ పేరు ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఆయన, షారోన్ వాళ్ళ డాడీ, మీ అబ్బాయి. తప్పులన్నిటికీ ఆమె పేరే ఉండటం వల్ల ఇంకో పేరుతో ఎప్పుడూ అవసరం పడలేదు.

షారోన్ చెయ్యి ఆమె చేతిలో చెమటతో జారుతోంది. మెర్సీ ఇంకా గట్టిగా పట్టుకుంది.

"విజయ్ పాల్," అంది.

సంపూర్ణమ్మ కొంగు జారింది. మావగారు, వినపడలేదేమో అన్నట్టు, ముందుకి వంగారు.

ఈసారి మెర్సీ ఇంకాస్త స్పష్టంగా, బడిలో హాజరు పిలిచే గొంతుతో అంది.

"ఆ ఆటకి అనుమతిచ్చింది విజయ్ పాల్. నాకు చెప్పొద్దని పిల్లకి నేర్పింది విజయ్ పాల్. ప్రార్థన ఆ పేరుతో చెయ్యండి మావయ్యగారూ."