వసంత ఒంట్లో జరిగిన యుద్ధం

"మా ఆవిడ క్యాన్సర్ మీద రీసెర్చ్ చేస్తుందండీ," అన్నాడు వంశీధర్.

కిరణ్మయి అప్పుడు వంటింట్లో పెనం మీద ఉల్లిపాయ చెక్క రుద్దుతోంది. హాల్లో పదిమంది దాకా ఉన్నారు. దేశం కాని దేశంలో, ట్రుగనీనా అనే శివారు పేటలో ఇల్లు కట్టుకున్న ఈ ఏడేళ్లలో ఎవరో ఒకరు భోజనానికి రాని ఆదివారం లేదు, ఆ పూట ఆమె కూర్చుని తిన్న గుర్తూ లేదు. మీ ఆవిడ ఏం చేస్తారని అడిగింది వంశీధర్ ఆఫీసులో కొత్తగా చేరిన మల్లికార్జున. "గ్రేట్ అండీ, నోబుల్ వర్క్," అన్నాడాయన. పెసరట్టు మడిచి పళ్లెంలో వేస్తూ కిరణ్మయి ఆ మెప్పు విన్నది. తనది కాని పనికి వచ్చిన మెప్పు. పదకొండేళ్లుగా ఆమె పనిచేస్తున్నది హెచ్‌ఐవీ మీద.

అందరూ వెళ్లాక అడిగింది, "అబద్ధం ఎందుకు చెప్పావు?"

"అబద్ధమేముంది, అదీ జబ్బే, ఇదీ జబ్బే. ఎయిడ్స్ అంటే నీ చేతి పెసరట్టు ఎవడు తింటాడు? చైత్ర ఫ్రెండ్స్ పేరెంట్స్ కూడా ఉన్నారక్కడ. కొంచెం ప్రాక్టికల్‌గా ఉండు కిరణ్."

ఎంగిలి పళ్లాలు తీస్తున్న అత్తగారు కళావతి చెయ్యి ఆ మాట దగ్గర ఆగింది. ఆవిడ తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలైంది. కోడలు ఏదో పెద్ద ఆసుపత్రికి సంబంధించిన ఉద్యోగం చేస్తోందని మాత్రమే ఆవిడకి తెలుసు.

కిరణ్మయికి ఇది కొత్త కాదు. చైత్ర పుట్టిన కొత్తలో, ల్యాబ్ నుంచి రాగానే స్నానం చేస్తేగానీ పాపని ఎత్తుకోవద్దన్నాడు వంశీధర్. ల్యాబ్‌లో ఎన్ని జాగ్రత్తలుంటాయో చెప్పి చెప్పి అలిసిపోయి స్నానం చేసేసేది. పాపకి ఇప్పుడు పదకొండేళ్లు, ఆ స్నానం మాత్రం అలాగే ఉండిపోయింది. "నీ పని టైమింగ్స్ ఫ్లెక్సిబుల్ కదా" అన్నది ఇంకొకటి. ఆ ఒక్క మాటతో స్కూల్ పికప్పులు, పిల్ల జ్వరాలు, ప్లంబర్ వచ్చే రోజులు, అత్తగారి డాక్టర్ అపాయింట్‌మెంట్లు అన్నీ ఆమె వైపు జరిగిపోయాయి. ఆ ఫ్లెక్సిబుల్ పనిని ఆమె తెల్లవారుజామున లేచి పూర్తిచేసుకునేది. ఎవరూ చూడని ఆ గంటల్లోనే, మూడేళ్లు గుంజాటన పడి, ఒక సంగతి కనిపెట్టింది.

సోమవారం ల్యాబ్‌లో ఆమె పై అధికారి ప్రొఫెసర్ ద్వారకానాథ్ పిలిచారు. బ్రిస్బేన్‌లో శనివారం సదస్సు. ఆమె కనిపెట్టిన సంగతి మీద ఇరవై నిమిషాల ప్రసంగం.

"రాహుల్ ఇస్తాడమ్మా. స్లైడ్స్ అతనికి పంపించెయ్."

"అది నా పని సార్."

"కాదన్నదెవరు? రీసెర్చ్ పేపర్లో నీ పేరు ఉంటుంది. మొన్న బార్బెక్యూలో వంశీధర్ చెప్పాడులే, అత్తగారు వచ్చారు, ఇల్లు వదిలి రావడం కుదరదని. ఐ అండర్‌స్టాండ్."

తనని అడగకుండా తన తరఫున ఒకాయన కుదరదనేశాడు, తనని అడగకుండా ఇంకొకాయన అర్థం చేసేసుకున్నాడు. ఇద్దరూ మంచివాళ్లే, ఎవరూ గొంతు పెంచలేదు. కిరణ్మయి తన బల్ల దగ్గరికి వచ్చేసరికి ల్యాబ్‌లో జూనియర్ రాహుల్ నిలబడి ఉన్నాడు. "అక్కా, అది మీ టాక్. మీరు వద్దన్నారని సార్ చెప్తే సరే అన్నాను," అన్నాడు. "నేను వద్దనలేదు రాహుల్," అంది. ఆ మాట పైకి అన్నాక, అది ఇంకా చాలా చోట్ల అనాల్సిన మాటలా తోచింది.

ఆ సాయంత్రం కళావతి బెండకాయలు తరుగుతూ ఉన్నట్టుండి అడిగింది, "అమ్మాయ్, ఆ జబ్బు మీదేనా నువ్వు చేసేది? నిన్న వాడన్నాడే, అది?"

"అవునత్తయ్యా."

కళావతి కత్తిపీట పక్కకి జరిపింది. "మా చెల్లెలు వసంత దాంతోనే పోయింది. టీబీ అని చెప్పుకున్నాం. ఇరవై ఏళ్లు దాటింది, ఇంకా అలాగే చెప్పుకుంటున్నాం. వంశీకి కూడా తెలీదు. దాని మొగుడు లారీల వ్యాపారం. వాడి నుంచే దానికొచ్చింది. వాడు ముందు పోయాడు, మొగుణ్ణి మింగిందన్నారు. తర్వాత దీనికి జబ్బు బయటపడేసరికి వెనక గదిలో వేశారు. వేరే పళ్లెం, వేరే గ్లాసు. నేను చూడ్డానికెళితే గుమ్మం దగ్గరే నిలబెట్టారే. నేనూ నిలబడ్డాను." ఆవిడ చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "వాళ్ల అత్త అనేది, దాని ఒంట్లో సత్తువ లేదు, అందుకే తట్టుకోలేకపోయిందని. నిజమేనా? నువ్వు చదువుకున్నావు కదా, చెప్పు."

కిరణ్మయి చేతిలోని పని పక్కన పెట్టి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది. సదస్సు కోసం రాసుకున్న వాక్యాలేవీ పనికిరాలేదు.

"మన ఒంట్లో టీ కణాలని కాపలా కణాలుంటాయత్తయ్యా. ఏ కణంలోనైనా వైరస్ దూరితే, ఆ వైరస్ తాలూకు చిన్న ముక్క ఆ కణం పైకి కనబడుతుంది. టీ కణం దాన్ని గుర్తుపట్టి, చెడిన కణాన్ని చంపేస్తుంది. కానీ ఈ వైరస్ తనలాంటివే కోట్ల కొద్దీ తయారుచేస్తుంది, చేసేటప్పుడు బోలెడు తప్పులు దొర్లుతాయి. ఏదో ఒక తప్పు సరిగ్గా ఆ ముక్కనే మార్చేస్తుంది. అప్పుడు టీ కణం ఎదురుగా ఉండి కూడా పోల్చుకోలేదు. మిగతా వైరస్‌లు చస్తాయి, మారినదొక్కటే మిగిలి ఒళ్లంతా పాకుతుంది. ఒళ్లు మళ్లీ ఆ కొత్తదాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. అది మళ్లీ మారుతుంది."

"మళ్లీ నేర్చుకుంటుందా?"

"ఏళ్ల తరబడి నేర్చుకుంటూనే ఉంటుంది. చివరికి ఓడిపోయింది సత్తువ లేక కాదు. మందు తోడు లేక."

"అయితే అది పోరాడిందన్నమాట," అంది కళావతి.

"చివరి రోజు దాకా."

ఆవిడ ఏడవలేదు. తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తింది. తర్వాత అడిగింది, "మరి నువ్వు కనిపెట్టిందేంటి?"

మూడేళ్లలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. కిరణ్మయి ఇంకాస్త దగ్గరికి జరిగింది. "వైరస్‌లో కొన్ని చోట్లున్నాయి. అక్కడ మారిందంటే తప్పించుకుంటుంది గానీ కుంటిదవుతుంది, సరిగ్గా పెరగలేదు. చాలాసార్లు ఇంకోచోట కూడా మారి ఆ కుంటితనం సర్దుకుంటుంది. అలా సర్దుకోలేని చోటు ఒకటి దొరికింది నాకు. కాపలా కణాలకి అక్కడే చూడమని నేర్పగలిగితే దానికి దారి ఉండదు. ఇంకా చాలా పనుంది. కానీ చోటు దొరికింది."

"ఇది శనివారం ఎవరు చెబుతున్నారు?" అంది కళావతి. ఇంటికొచ్చాక కోడలు ఫోన్‌లో రాహుల్‌తో మాట్లాడటం విన్నట్టుంది.

"నేనే," అంది కిరణ్మయి. అప్పటికప్పుడు, అక్కడే కూర్చుని, ప్రొఫెసర్‌కి నాలుగు లైన్ల మెయిల్ రాసింది. సారీ అన్న మాట రెండుసార్లు టైప్ చేసి రెండుసార్లూ చెరిపేసింది.

భోజనాల దగ్గర వంశీధర్‌కి చెప్పింది, "శుక్రవారం బ్రిస్బేన్ వెళ్తున్నాను. ఆదివారం వస్తాను. ద్వారకానాథ్ గారికి నా తరఫున ఇంకెప్పుడూ జవాబు చెప్పకు."

"నీ మంచికే కదా చెప్పాను! శుక్రవారం పికప్ ఎవరు చేస్తారు? నాకు మీటింగ్స్ ఉన్నాయి."

"చైత్ర స్కూల్ ఎక్కడుందో నీకు తెలుసుగా."

"డాడ్, ఇట్స్ లిటరల్లీ ఫైవ్ మినిట్స్," అంది చైత్ర అన్నం కలుపుకుంటూ.

"అది కాదు. అసలు ఆ ప్రోగ్రాం వీడియో బయటికొస్తే? మనవాళ్లు చూస్తే?"

"చూడనీ. చూడమని నేనే లింక్ పంపిస్తాను. మల్లికార్జునగారికి ముందు పంపిస్తాను."

వంశీధర్ తల్లి వైపు చూశాడు, సాయం కోసం. ఆవిడ కూర వడ్డించుకుంటోంది.

గురువారం సాయంత్రం కిరణ్మయి డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని స్లైడ్లు సరిచూస్తోంది. మొదటి స్లైడ్ దగ్గర ఆగి అత్తగారిని పిలిచింది. "అత్తయ్యా, మీకు అభ్యంతరం లేకపోతే ఈ ప్రసంగం వసంతగారికి అంకితమని పెడతాను. మొదట ఆవిడ పేరే కనబడుతుంది. అందరూ చూస్తారు. వంశీకి మీరే చెప్పాల్సి ఉంటుంది. వద్దంటే ఇప్పుడే తీసేస్తాను."

కళావతి కళ్లద్దాలు పెట్టుకుని తెర ముందుకి వంగింది. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చెల్లెలి పేరు చదివింది. హాల్లో టీవీ చూస్తున్న కొడుక్కి వినబడేటంత గట్టిగా అంది:

"ఉత్త వసంత అంటే ఏ వసంతో ఎవరికి తెలుస్తుంది? ఇంటిపేరు కూడా రాయి. కొప్పర్తి వసంత. మా పుట్టింటి పేరే రాయి, దాని మొగుడిది వద్దు."