శుక్రవారం వీణ మీద ఫిర్యాదు

రాజ్యశ్రీ పాత పంచె ముక్కతో వీణ మెట్ల మధ్య దుమ్ము తుడుస్తోంది. పంతొమ్మిది వందల ఎనభై రెండు వేసవి. రాత్రంతా ఇసుకగాలి. కిటికీలు బిగించినా లాభం లేకపోయింది.

"ఇవాళ తక్కువమందిని పిలవాల్సింది. ఆయన తలలు లెక్కపెట్టుకుంటాడు," అన్నాడు భర్త మురళీధర్ చాప పరుస్తూ.

ఆయనంటే కంపెనీకి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మేనేజరు హారిస్. రిగ్గై పేటలో ఈ బిల్డింగు కంపెనీదే. శుక్రవారాలు ఈ ఫ్లాట్‌లో గోల భరించలేకపోతున్నామని ఎవరో పేరు చెప్పకుండా ఆఫీసుకి ఫోన్ చేశారు. మన సంగీతం ఎన్నడూ విననివాడు, "నేనే వచ్చి వింటాను" అన్నాడట. ఆయన వద్దంటే వీణ పెట్టెకెక్కి అమలాపురం పోవలసిందే. ఈ అరబ్బు దేశంలో రాజ్యశ్రీకి తనదంటూ ఉన్నది అదొక్కటే.

"కింది పాలస్తీనా టీచరే అమ్మా, సందేహం లేదు," అంటూ పై అంతస్తు కుక్కుటేశ్వరరావు అందరికంటే ముందొచ్చి గుమ్మం పక్కన కూర్చున్నారు. "అన్నట్టు, ఇవాళైనా మా ఆవిడ పాపాయమ్మ చేత ఒక కీర్తన పాడిస్తారా?"

"దొర వస్తున్నాడు కదండీ. వచ్చేవారం చూద్దాం," అన్నాడు మురళీధర్. పోయినవారమూ అదే మాట.

ఆ టీచరు మొన్న గిన్నెడు ఆలివ్ కాయలు పంపింది. ఎందుకు పంపిందో అని రాజ్యశ్రీకి ఇప్పుడు అనుమానమొచ్చింది.

హారిస్ వచ్చాడు. బూట్లు విప్పి, పొడుగు కాళ్ళు ఎటు పెట్టాలో తెలియక చాప మీద ముడుచుకు కూర్చున్నాడు. కాఫీ ముట్టుకోలేదు. నవ్వలేదు.

ఆమె కల్యాణి ఎత్తుకుంది. ముందు వరసలో భీమేశ్వరరావు బాబాయిగారు కళ్ళు మూసుకుని, నాలుక అంగిట్లో కొట్టి, "త్చ్... త్చ్..." అన్నారు. హారిస్ చటుక్కున అటు తిరిగాడు. ఇంకో గమకానికి ఇంకో ఇద్దరు కలిశారు. హారిస్ మెడ ఎర్రబడింది. అయిపోయింది, అనుకుంది రాజ్యశ్రీ. ఇంక వినడం లేదు, మనుషుల్ని చూస్తున్నాడు.

వాయించడం కాగానే అతను లేచి, "ఫోన్ చేసింది మీరేనా?" అని ఇంగ్లీషులో బాబాయిగార్ని నిలదీశాడు.

"నేనా!"

"ఆ అమ్మాయి వాయిస్తున్నంతసేపూ ఈసడించుకుంటూనే ఉన్నారు. నచ్చకపోతే రావడం దేనికి?"

గది గొల్లుమంది.

"ఓరి నాయనో! మురళీ, బావుంటేనే ఆ చప్పుడొస్తుందని చెప్పరా దొరగారికి! ఆపుదామన్నా నా నాలుక నా మాట వినదు!"

మురళీధర్ విడమరిచి చెప్పాడు. హారిస్ నమ్మలేనట్టు ఒక్కొక్కరి మొహమే చూశాడు. చివరికి తనూ నాలుకతో ప్రయత్నించాడు. ఎడ్లను అదిలించినట్టొచ్చింది.

"సరే, వాయించుకోండి. నేనూ వస్తాను," అన్నాడు. అంతలో కనుబొమలు ముడిపడ్డాయి. "మరి ఎవరు? ప్రతివారం ఈ గదిలోనే కూర్చుని భరిస్తున్నానన్నాడే ఆయన?"

నవ్వులు ఆగిపోయాయి. కింది టీచరు ఈ గడప ఎప్పుడూ తొక్కలేదు. రాజ్యశ్రీ చూపు మెల్లగా గుమ్మం వైపు వెళ్ళింది. ఇన్ని శుక్రవారాల్లో అక్కడినుంచి ఒక్క చప్పరింపూ వినలేదామె.

కుక్కుటేశ్వరరావు కాఫీ గ్లాసు గోడవార పెట్టారు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, ఎవరివైపూ చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయారు.